కర్ర పడని ఫోటో

పైన పటారం లోన లొటారం అన్న సామెత మనుషుల కంటే దుంగలకే బాగా సరిపోతుందని, ముప్ఫై ఏళ్లు కలప అడితి నడిపిన పెద్దాయన గట్టి నమ్మకం. తొక్క నున్నగా ఉంటుంది, కొనలో వలయాలు ముచ్చటగా ఉంటాయి, ఎత్తి చూస్తే బరువూ ఉంటుంది. తీరా రంపం కింద పెడితే నడుమ పిడికెడు పొడి. అప్పటికి అమ్మినవాడు ఊరు దాటి ఉంటాడు.

అందుకే ఆయన దుంగని తన కంటితో కొనేవాడు కాదు, తమ్ముడి చెవితో కొనేవాడు. ఒక కొన మీద కూలీ కొయ్యసుత్తితో కొడుతుంటే, రెండో కొనకి చెవి ఆనించి తమ్ముడు కళ్లు మూసుకునేవాడు. "గట్టిది." లేదంటే, "పుచ్చు మొదలైంది." లేదంటే, "నడుమ డొల్ల. మూడడుగులు కోసి పారెయ్యండి." అంతే, నాలుగో మాట ఉండేది కాదు. అడితిలో అందరూ అతన్ని చెవి మేస్త్రీ అని పిలిచేవాళ్లు. నలభై దాటినా, ఒంట్లో షుగర్ ఉన్నా, దుంగల దొంతర్ల మీద మేకపిల్లలా ఎక్కి దిగేవాడు.

తమ్ముడు గట్టిది అన్నాక అన్న ఇనపసుత్తితో కొనమీద ముద్ర కొట్టేవాడు. ముద్ర పడ్డ దుంగని మళ్లీ తట్టి చూడటం ఆ అడితిలో లేదు. పడ్డాక పడ్డట్టే. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కొనేవాడి ఎదుట సరుకు గురించి పెద్దాయన ఒక్కడే మాట్లాడాలి. తప్పు చెప్పినా సరే, తమ్ముడు మాట కలపకూడదు. రెండు నోళ్లు తెరుచుకుంటే బేరం చెడుతుందని వాళ్ల నాన్న పెట్టిన నియమం అది. ఆయన పోయి ఎన్నేళ్లయినా నియమం మాత్రం పోలేదు.

ఆ రోజు పొద్దున్నే టేకు దుంగల లారీ వచ్చింది. సరుకంతా ఊళ్లో పెద్ద ఫర్నిచర్ షాపాయన కోసం తెప్పించింది. దింపుతుండగా ఒక దుంగ జారింది. తమ్ముడు పక్కకి దూకాడు గానీ, దుంగ అంచున చీలి నిలబడ్డ పేడు ఒకటి బల్లెంలా అతని ముంగాలులో దిగింది. అతనే పళ్లు బిగించి లాగేశాడు. నాలుగు వేళ్లంత పొడుగుంది. రక్తం తుడిచి గుడ్డ చుట్టుకున్నాడు.

పెద్దాయన వచ్చి చూశాడు. "ఇన్నాళ్లూ నువ్వు దుంగల్ని తట్టావు, ఇవాళ దుంగ నిన్ను తట్టింది. చెల్లుకి చెల్లురా," అన్నాడు. కూలీలు నవ్వారు. అందరికంటే గట్టిగా తమ్ముడే నవ్వాడు.

లాగిన పేడు కొన సూదిగా ఉందా, విరిగి ఉందా అన్నది ఎవరూ చూడలేదు. తొక్కలతో పాటు అదీ పొయ్యిలోకి పోయింది.

అయిదో రోజుకి కాలు వాచింది. తమ్ముడి భార్య ఊరుకోలేదు. "బావగారూ, మీరు చెబితేగానీ ఈయన కదలరు. ఒక్కసారి ఆస్పత్రికి తీసుకెళ్లండి," అని అడితి గేటు దగ్గరే నిలబడింది. పెద్దాయనే స్కూటర్ మీద ఎక్కించుకుని వెళ్లాడు.

ఎక్స్‌రే గది బయట బల్లల మీద పదిమంది కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఫర్నిచర్ షాపాయన ఉన్నాడు. వాళ్లమ్మ తుంటికి ఫోటో తీయించడానికి వచ్చాడట. "ఏంటి మేస్త్రీ, కుంటుతున్నావు?" అని పలకరించాడు. తమ్ముడు అన్న వంక చూశాడు. ఈలోగా ఫోటోలు తీసే మనిషి తలుపు తీసి, చీటీ పట్టుకుని అక్కడే నిలబడి అడిగాడు.

"కాలికి ఏం గుచ్చుకుంది?"

పెద్దాయన బుర్రలో లెక్క కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది. టేకు పేడు అంటే, దుంగ చీలిందన్నమాట. దుంగ చీలిందంటే, ఎండిపోయి పెళుసెక్కిన సరుకన్నమాట. సరుకు ఇంకా అడితిలోనే ఉంది, కొనేవాడు మూడడుగుల దూరంలో ఉన్నాడు. మన సరుకు లోపం మన నోటితో చెప్పుకోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

"ఇనప ముక్క," అన్నాడు. "రంపం దగ్గర ఏదో తగిలింది లెండి."

తమ్ముడు తలొంచుకున్నాడు. కొనేవాడు ఎదుట ఉన్నాడు, మాట కలపకూడదు. ఫోటోల మనిషి చీటీ మీద ఇనప ముక్క అని రాసుకుని, తమ్ముడిని లోపలికి తీసుకెళ్లాడు.

కాసేపటికి పెద్దాయననీ పిలిచాడు. వెలుగుతున్న పలక మీద ఫోటో తగిలించి ఉంది. నల్లటి మధ్యలో తెల్లటి ఎముక, నిటారుగా, నున్నగా, చిత్రిక పట్టిన కర్రలా. అంత శుభ్రమైన సరుకు పెద్దాయన ఎక్కడా చూడలేదు.

"ఇనుమైతే ఇందులో సున్నం చుక్కలా తెల్లగా కనపడాలి. ఏమీ లేదు. లోపల ముక్క మిగల్లేదన్నమాట," అన్నాడు ఫోటోల మనిషి. "ఎముక కూడా ఇప్పటికి బాగానే ఉంది."

"ఇప్పటికి అంటే?"

"ఎముకలో చీము పట్టినా మొదటివారం ఫోటోకి అందదండీ. ఎముక కొంత తినేశాకే నీడ పడుతుంది. దానికి పది పదిహేను రోజులు పట్టొచ్చు. నొప్పి తగ్గకపోతే మళ్లీ వచ్చి ఇంకోటి తీయించండి. డాక్టరమ్మ కూడా అదే చెబుతారు."

డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. మళ్లీ రండి అన్న మాట పెద్దాయనకి కొత్తది కాదు. తను కూడా కొనేవాళ్లకి ముప్ఫై ఏళ్లుగా అదే చెబుతున్నాడు. బయటికొచ్చాక తమ్ముడి భుజం తట్టి, "గట్టిదేరా. ముద్ర పడింది, పద," అన్నాడు. ఫోటోని తెచ్చి బీరువాలో, ముద్ర పడ్డ సరుకు కాగితాలతో పాటే పెట్టాడు.

మందు బిళ్లలకి వాపు తగ్గింది. గాయం మీద చెక్కు కట్టింది. చెక్కు రాలాక లేత చర్మం వచ్చింది. పై తొక్క బ్రహ్మాండంగా ఉంది.

పద్దెనిమిదో రోజు సాయంత్రం తమ్ముడు దొంతర మీంచి దిగి, మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఒళ్లు వెచ్చగా ఉంది.

"అన్నయ్యా, లోపల ఏదో డొల్లగా ఉంది."

"ఫోటో చూశాం కదరా."

"ఫోటో సంగతి నాకు తెలీదు. లోపలనుంచి ఎవరో తడుతున్నట్టు ఉంది."

"నీకు దుంగల పిచ్చి పట్టింది. కాలు కూడా దుంగలాగే వినపడుతోంది," అని నవ్వేశాడు పెద్దాయన. "కాపడం పెట్టించుకో."

ఇరవయ్యో రోజున ఫర్నిచర్ షాపాయన వచ్చి సరుకంతా ఎత్తుకెళ్లాడు. ఒక్క దుంగకీ పేరు పెట్టలేదు. ఆ రోజుతో అబద్ధానికి పని అయిపోయింది. పని అయిపోయిన పనిముట్టుని ఎక్కడిదక్కడ సర్దే మనిషి పెద్దాయన. దీన్ని మాత్రం వెనక్కి తీయలేదు. మరిచిపోయాడని తనకి తాను చెప్పుకున్నాడు గానీ, మరిచిపోలేదు. మళ్లీ ఫోటోకి వెళితే మళ్లీ చీటీ రాస్తారు. చీటీ రాస్తే మళ్లీ అడుగుతారు. అప్పుడు ఏం చెప్పాలి? ముప్ఫై ఏళ్లుగా ఒకసారి చెప్పిన మాట మార్చని మనిషి, తను అబద్ధమాడానని ఆస్పత్రి గుమస్తా ముందు ఒప్పుకోవాలా? నొప్పి అదే తగ్గుతుందిలే అనుకున్నాడు.

మరదలు రెండుసార్లు అడిగింది. రెండోసారి గట్టిగానే అడిగింది. "ఆయన కుంటడం చూసి పిల్లలు కూడా కుంటుతున్నారు బావగారూ, ఆటగా. నాకు భయంగా ఉంది. ఇంకో ఫోటో తీయిద్దాం."

"తీసిన ఫోటో శుభ్రంగా ఉందమ్మా. ఒకే దుంగని ఎన్నిసార్లు తట్టమంటావు?"

ఆమె భర్త వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి."

"అన్నయ్య చూశాడుగా," అన్నాడు తమ్ముడు. ఇనప ముక్క కాదన్న సంగతి ఆమెకి కూడా చెప్పలేదతను. కాలికి ఏదో తగిలిందనే ఆమెకి తెలుసు. అన్న నోటి వెంట ఒకసారి వచ్చిన మాటని ఇంట్లో కూడా కదపడం అతనికి చేతకాదు.

వీధి చివర క్లినిక్‌లో సూదులు పొడిపించారు. ఎవరో చెప్పిన నూనె రాసి మర్దన చేయించారు. మర్దన చేసిన రోజు తమ్ముడు అరిచిన అరుపుకి రంపం ఆపేశారు.

నలభై ఏడో రోజు లేత చర్మం చిట్లి, సన్నటి రంధ్రంలోంచి చీము కారింది. పురుగు తొలిచిన దుంగకి కూడా బయటికి కనపడేది అంతే, ఒక్క చిన్న బెజ్జం. పెద్దాయన ఆ బెజ్జం చూశాడు, స్కూటర్ తాళం కోసం జేబు తడుముకున్నాడు.

మళ్లీ అదే గది, అదే పలక, అదే ఫోటోల మనిషి. ఈసారి పలక మీద పడ్డ ఫోటోని ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. నున్నటి ఎముక పొడుగునా చిన్నచిన్న నల్లటి గుంటలు, గుంటల మధ్య గరుకు అంచులు, నడుమ విడిపోయి పడున్న తెల్లటి ఎముక ముక్క ఒకటి. చెదలు తిన్న కర్ర ఎలా ఉంటుందో పెద్దాయనకి ఎవరు చెప్పాలి? తన అడితిలో అలాంటిది కనపడితే, ముట్టుకోకుండానే పొయ్యిలోకి అనేవాడు.

"మళ్లీ రమ్మన్నాను కదండీ," అన్నాడు ఫోటోల మనిషి. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది.

ఎంతమేర పాడైందో తెలియాలంటే ఎమ్మారై తీయాలంది డాక్టరమ్మ. తమ్ముణ్ణి చక్రాల మంచం మీద పెద్ద తలుపు దాకా తెచ్చారు. మరదలు అతని చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. ఫోటోల మనిషి పాత చీటీ, కొత్త చీటీ పక్కపక్కన పెట్టుకుని చూసి, మంచాన్ని తలుపు దగ్గర ఆపేశాడు.

"లోపలున్నది పెద్ద అయస్కాంతం. ఒంట్లో ఇనుము ఉంటే అది కదులుతుంది, కాలుతుంది, ఇంకా చెరుపు చేస్తుంది. ఇనప ముక్క గుచ్చుకుందని నా చేత్తోనే రాశాను. ఫోటోల్లో ఇనుము కనపడటం లేదు. అయినా అడగాలి. నిజంగా ఏం గుచ్చుకుంది?"

పెద్దాయన తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు పైకప్పు వంక చూస్తున్నాడు. చెప్పడు. చచ్చినా చెప్పడు. అంత జ్వరంలోనూ, కొనేవాడెవడూ లేనిచోట కూడా, మాట అన్నదే.

"ఇనుము కాదు," అన్నాడు పెద్దాయన.

"మరి?"

"కర్ర. టేకు పేడు."

ఫోటోల మనిషి కలం కింద పెట్టాడు. "కర్ర ఎక్స్‌రేలో పడదండీ. ఆ వెలుగులో కర్రకీ కండకీ తేడా తెలీదు. ఆ రోజు కర్ర అని ఉంటే నేను ఫోటో చూసి లోపల ఏమీ లేదు అని ఉండేవాణ్ణి కాదు. పొట్టకి చూస్తారే, జిగురు రాసి, ఆ మామూలు స్కానింగ్‌తో అప్పుడే వెతికేవాళ్లం. పది నిమిషాల పని."

మరదలి చేతిలోంచి ఒక చెప్పు జారిపడింది. "కర్ర అని మీకు తెలుసా బావగారూ?"

"తెలుసమ్మా."

"మరి ఎందుకు అలా చెప్పారు?"

సమాధానం ఉంది. మూడు మాటల్లో చెప్పొచ్చు. ఆ రోజు అది ఎంత తెలివైన లెక్కగా అనిపించిందో, ఈ తలుపు ముందు నోరు తెరిచి చెప్పడానికి అంత సిగ్గుగా ఉంది. ఆయన వంగి చెప్పు తీసి ఆమెకి ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు.

"పోనీలేవే," అన్నాడు మంచం మీంచి తమ్ముడు. "ఎవరికి తెలుసు, లోపల మిగిలిందని."

ఎమ్మారై బొమ్మలు డాక్టరమ్మ తెర మీద చూపించింది. మూలగ ఉండాల్సిన చోటంతా వరద నీరులా తెల్లటి మెరుపు, మోకాలి నుంచి చీలమండ దాకా. దాని మధ్య ఒకటిన్నర అంగుళాల పొడుగున నల్లటి గీత, తిన్నగా, ముదురుగా. ఎముక గోడని పొడుచుకుని కూర్చుని ఉంది. తన సరుకుని పెద్దాయన ఎక్కడున్నా గుర్తుపట్టగలడు.

"ముందే వచ్చుంటే ముక్క తీసి, కడిగి, మందులతో కాపాడేవాళ్లం," అంది డాక్టరమ్మ. "ఇప్పుడు ఎముక చాలామేర చచ్చిపోయింది, మోకాలి కీలులోకి కూడా చీము వెళ్లింది. షుగర్ ఉంది, రక్తంలోకి విషం ఎక్కుతోంది. కాలు చూసుకుంటే మనిషి దక్కడు."

"ఎక్కడికి కొయ్యాలి?" అని అడిగాడు పెద్దాయన. కొలతలు అడగటం తప్ప ఆయనకి ఇంకేం తెలుసు?

"మోకాలి పైకి."

మరదలు ఏడుపు ఆపుకోలేకపోయింది. పాదానికేం కాలేదు కదా, పాదం ఎందుకు పోవాలి, పాడైన ఎముక మాత్రమే తీయలేరా అని అడిగింది. జవాబు తమ్ముడే చెప్పాడు. పెదాలు ఎండిపోయి, గొంతు పీలగా ఉంది. "డొల్ల ఉన్నచోట కొయ్యరే పిచ్చిదానా. చేవ మొదలైన చోట కోస్తారు. అన్నయ్యని అడుగు."

ఆమె అడగలేదు. ఆ తర్వాత ఆమె పెద్దాయనని ఏదీ అడగలేదు.

కాగితం మీద తమ్ముడు సంతకం పెట్టాడు. కింద రెండో గీత మీద పెద్దాయనని పెట్టమన్నారు. ఇన్నేళ్లలో ఆయన కొట్టిన ముద్రలకి లెక్కలేదు. ఈ ఒక్క దాని మీద చెయ్యి ఆగింది. ఫోటో చూసి తను కొట్టిన మొదటి ముద్ర తప్పు. తప్పుడు ముద్ర పడితే సరుకు వాపసు తీసుకునేవాడు, ఇన్నేళ్లలో రెండుసార్లు తీసుకున్నాడు కూడా. దీన్ని ఎవరు వాపసు తీసుకుంటారు?

ఆపరేషన్ మధ్యాహ్నానికి అయిపోయింది. ఒక ఆయా వచ్చి, తీసిన భాగాన్ని మీరు తీసుకెళతారా, ఆస్పత్రి వాళ్లనే చూసుకోమంటారా అని అడిగింది. చూసుకోమనే ముందు, పెద్దాయన ఎందుకో చేతులు చాచాడు. మందపాటి సంచిలో చుట్టిన దాన్ని ఆమె ఆయన రెండు చేతుల మీదా పెట్టింది. ఆయన వద్దనుకున్నా చేతులు ఆగలేదు. ముప్ఫై ఏళ్ల అలవాటు. కాస్త పైకెత్తి, దించి, తూచాయి. ఇంచుమించు ఎనిమిది కిలోలు. చేతులు చెప్పిన బరువు విని ఆయన గోడకి ఆనుకుని నేలమీద కూర్చుండిపోయాడు. ఆయా సంచి వెనక్కి తీసుకుంది.

డాక్టరమ్మ చిన్న గాజుసీసా కూడా ఇచ్చింది. లోపల ఎముక నుంచి తీసిన కర్రముక్క. ఆయన కిటికీ దగ్గర వెలుగుకి పెట్టి చూశాడు. వద్దు వద్దనుకుంటూనే చూశాడు. నార తిన్నగా ఉంది, నూనె మెరుపు ఉంది, ఎక్కడా పెళుసు లేదు. మేలైన టేకు. దుంగ ఎండి చీలింది కాదు, నరికినప్పుడు గొడ్డలి దెబ్బకి అంచు లేచిందంతే. ఆ సరుకులో లోపమే లేదు. లేని లోపాన్ని దాచడానికి కాలు ఇచ్చాడు. అది కూడా తనది కాదు.

ఆపరేషన్ అయిన పదో రోజున ఫర్నిచర్ షాపాయన చూడటానికి వచ్చాడు. తమ్ముడు దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. దుప్పటి ఒకవైపు ఎత్తుగా, ఇంకోవైపు చదునుగా ఉంది. మరదలు కిటికీ దగ్గర ఫ్లాస్కు మూత తిప్పుతోంది. పెద్దాయన మంచం కాళ్లవైపు నిలబడ్డాడు. చొక్కా జేబులో సీసా ఉంది. ఎక్కడ పడెయ్యాలో తెలియక పది రోజులుగా మోస్తున్నాడు.

"ఎంత పనైపోయింది మేస్త్రీ," అన్నాడు షాపాయన. "నువ్వు లేకపోతే దుంగలకి దిక్కెవరు? బయట ఎవరో కర్ర గుచ్చుకుందని అంటున్నారు. మీ అడితి కర్రేనా? మొన్నటి సరుకుదా?"

పెద్దాయన నోరు తెరిచాడు. ఇప్పుడు చెప్పాలి. మా కర్రే, నేనే అబద్ధమాడాను అని ఈ మనిషి ముందే చెప్పాలి. ఇక్కడ చెబితేనే చెప్పినట్టు. ఇంతలో తమ్ముడు అన్న వంక ఒకసారి చూశాడు. కొనేవాడు ఎదుట ఉన్నాడు. నియమం ప్రకారం మాట్లాడాల్సింది పెద్దవాడు. పెద్దవాడు మాట్లాడటం లేదు.

జీవితంలో మొదటిసారి తమ్ముడు కొనేవాడి ముందు నోరు విప్పాడు.

"కాదండీ. ఇనప ముక్క," అన్నాడు. "రంపం దగ్గర తగిలింది. మా కర్ర మంచిదే."

షాపాయన ఊపిరి వదిలి, "అదే అనుకున్నాను. మీ సరుకు సంగతి నాకు తెలీదా," అన్నాడు. మరదలు ఫ్లాస్కు అక్కడ పెట్టేసి గదిలోంచి వెళ్లిపోయింది.

ఆయన వెళ్లాక కూడా పెద్దాయన అక్కడే నిలబడ్డాడు. "ఎందుకురా?" అని అడిగాడు.

తమ్ముడు గోడవైపు తిరగడానికి ప్రయత్నించాడు. తిరగడానికి ఊతం ఇచ్చే కాలే పోయింది. రెండుసార్లు ప్రయత్నించి, ఊరుకుని, కళ్లు మూసుకున్నాడు, దుంగకి చెవి ఆనించినప్పుడు మూసుకున్నట్టే. పెద్దాయన అతను ఏం చెబుతాడా అని ఎదురుచూశాడు. గట్టిది అని గానీ, డొల్ల అని గానీ తమ్ముడు ఏమీ అనలేదు.